మడి కట్టుకున్న డాక్టరు

మా అత్తగారికి మడి పట్టింపు జాస్తి. పెరట్లో దండెం మీద ఎత్తుగా ఆరేసిన చీరను కర్రతో అందుకుంటారు గాని, ఎవరినీ తీసివ్వమనరు. ఆ చీర కట్టుకుని ఆవిడ వంటింట్లో ఉన్నంతసేపూ మేమంతా గడపకు ఇవతలే. పొరపాటున పిల్లలెవరైనా అటు పరుగెత్తారా, "దూరం! దూరం!" అని వీధి చివరిదాకా వినిపించే కేక. అలాంటి మనిషికి రెండేళ్ళ క్రితం, డెబ్భై నాలుగో ఏట, కుడి తుంటి కీలు అరిగిపోయింది. డాక్టర్లు దాన్ని తీసేసి లోహపు కీలు పెట్టారు.

ఆపరేషను బాగానే జరిగింది. మూడో రోజుకే నాలుగడుగులు వేశారు. కుట్లు విప్పి ఇంటికి తీసుకొచ్చాం. వచ్చిన వారానికి గాయం కింది కొసన కాస్త తడి కనిపించింది. "చెమటే లెండి" అన్నాను నేను, పెద్ద తెలిసినదానిలా. చెబితే మళ్ళీ కోస్తారన్న భయంతో ఆవిడ కూడా కట్టు మీద కట్టు వేసుకుని రెండు నెలలు గడిపేశారు. ఆ తర్వాత నొప్పి, జ్వరం, చీము! డాక్టరుగారు సూదితో కీలులోంచి నీరు తీసి పరీక్షకు పంపించి, "లోపల ఇన్‌ఫెక్షను చేరిందమ్మా. పెట్టిన కీలు తీసెయ్యాలి" అన్నారు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే కాబోలు.

ఇంక ఇంట్లో పంచాయితీ మొదలైంది. ఈ మైల ఎవరు తెచ్చారు? మా ఆడపడుచు వార్డులో ఆయా అంది. మా మరిది చూడటానికి వచ్చిన చుట్టాలన్నాడు. అత్తగారు మాత్రం తీర్పు చెప్పేశారు: "ఇంకెవరు? మన పనిమనిషే! దాని చేతుల్తోనేగా నన్ను లేపిందీ, కూర్చోబెట్టిందీ!" ఆ మాట అన్నప్పుడు ఆమె గుమ్మం దగ్గర బిందెతో నిలబడి ఉంది. బిందె దింపి వెళ్ళిపోయింది. మర్నాటినుంచి పనిలోకి రాలేదు.

పరీక్ష రిపోర్టు వచ్చిన రోజున డాక్టరుగారు ఒక మాటన్నారు: "ఈ క్రిమి ఎక్కడినుంచో ఊడిపడింది కాదండీ. మీ చర్మం మీదా, నా చర్మం మీదా, ఆవిడ చర్మం మీదా రోజూ ఉండేదే." నేను కాలేజీలో చదివింది చరిత్ర. ఏదైనా అర్థం కాకపోతే దాని వెనకటి కథ వెతుక్కోవడం నాకు అలవాటు. అత్తగారి మంచం పక్కన కూర్చుని, ఆ మూడు నెలలూ ఈ తుంటి కీలు కథ చదివాను. చదివినకొద్దీ అది కీలు కథ కాదనీ, మడి కథేననీ తోచింది!

కథ 1890లో బెర్లిన్‌లో మొదలవుతుంది. థెమిస్టోక్లిస్ గ్లక్ అనే డాక్టరు క్షయవ్యాధితో పాడైపోయిన కీళ్ళ స్థానంలో ఏనుగు దంతంతో చేసిన కీళ్ళు పెట్టి చూశాడు. ఆలోచన గొప్పదే. కాని అప్పటికే రోగం పట్టి ఉన్న కీలులో బయటి వస్తువు పెడితే ఏమవుతుంది? ఆ రోగమే మళ్ళీ చీమై పైకొచ్చింది. పెట్టినవి నిలవలేదు.

సరిగ్గా అదే ఏడు, అదే బెర్లిన్‌లో, డాక్టర్ల మహాసభలో జోసెఫ్ లిస్టర్ ఒక తప్పు ఒప్పుకున్నాడు. ఈ లిస్టర్ మహాశయుడే 1865లో గ్లాస్గోలో కార్బాలిక్ ఆమ్లంతో గాయాలు కడిగి, ఆపరేషన్లలో చీము పట్టకుండా కాపాడవచ్చునని చూపించినవాడు. క్రిములు గాలిలోంచి రాలుతున్నాయని నమ్మి, గదంతా అదే మందు పిచికారీ చేయిస్తూ చాలాకాలం ఆపరేషన్లు చేశాడు. ఆ పిచికారీకి డాక్టర్ల చేతులు మండేవి, కళ్ళు కారేవి. గాలి గురించి అంత భయం అక్కర్లేదని, అలాంటి సలహా ఇచ్చినందుకు సిగ్గుపడుతున్నానని 1890లో ఆయనే అందరి ముందూ చెప్పాడు. ఎంత పేరున్నవాడికైనా ఆ మాట అనడానికి గుండె ధైర్యం కావాలి కదా!

అప్పటినుంచి డాక్టర్లు గాలిని వదిలేసి చేతుల మీద, కత్తుల మీద, బట్టల మీద పడ్డారు. పనిముట్లను ఆవిరిలో ఉడికించారు, రబ్బరు తొడుగులు వేసుకున్నారు. మామూలు ఆపరేషన్లకు అది చాలింది. గాలిలోంచి నాలుగు క్రిములు రాలినా ఒంట్లో ఉన్న నెత్తురు వాటి సంగతి చూసుకుంటుంది.

కాని కీలు సంగతి వేరు. ఇనుముకి నెత్తురు ఉండదు! 1957లో లండన్‌లో ఎలెక్, కోనెన్ అనే ఇద్దరు ఒక చిత్రమైన పరీక్ష చేశారు. చర్మం మీద ఉండే జాతి క్రిముల్ని, ఒప్పుకుని ముందుకొచ్చిన మనుషులకే సూదితో ఎక్కించారు. మామూలు చర్మంలో చీము పట్టాలంటే లక్షల కొద్దీ క్రిములు కావలసి వచ్చాయి. అదే ఒక్క పట్టుదారం కుట్టు లోపల ఉంటే కొన్ని వందలు చాలాయి. చిన్న దారంపోగుకే ఇంత తేడా ఉంటే, పిడికెడు లోహమూ, ప్లాస్టిక్కూ, సిమెంటూ పెడితే ఇంక చెప్పాలా?

ఇప్పుడు మన కథానాయకుడు వస్తాడు. జాన్ చార్న్‌లీ. 1911లో ఇంగ్లండులోని లాంకషైర్‌లో, బరీ అనే ఊళ్ళో పుట్టాడు. లాంకషైర్ అంటే నూలు మిల్లుల సీమ. ఆయన పనిచేసిన రైటింగ్‌టన్ ఆస్పత్రి ఒకప్పుడు క్షయరోగుల ఆస్పత్రి. మందులొచ్చి క్షయ తగ్గుముఖం పట్టాక అక్కడ మంచాలు ఖాళీ అయ్యాయి. ఆ మంచాల మీదికి తుంటి నొప్పుల వాళ్ళు వచ్చారు.

చార్న్‌లీ బుర్రలో మొదట పడ్డది ఒక కిర్రుమనే చప్పుడట. ప్యారిస్ పద్ధతిలో ప్లాస్టిక్ బంతి పెట్టించుకున్న ఒక రోగి, వంగినప్పుడల్లా తుంటిలోంచి కిర్రు కిర్రుమని శబ్దం. ఆ శబ్దం భరించలేక ఆయన భార్య గదిలోంచి లేచిపోయేదట! ఎముక మీద ప్లాస్టిక్ రాసుకుంటోందని గ్రహించిన చార్న్‌లీ, చిన్న ఉక్కు బంతిని నున్నటి టెఫ్లాన్ గిన్నెలో కూర్చాడు. సుమారు మూడు వందల మందికి అలా పెట్టాడు. రెండు మూడేళ్ళకి ఆ గిన్నెలు అరిగిపోయాయి. అరిగిన పొడి చుట్టూ పెరుగులాంటి తెల్లటి పదార్థం చేరింది. చూస్తే చీములా ఉంటుంది, పరీక్షిస్తే ఒక్క క్రిమీ లేదు. ఆ పొడి మంచిదో చెడ్డదో తేల్చుకోవడానికి దాన్ని తన తొడలోకే ఎక్కించుకున్నాడాయన. నెలలు గడిచినా అక్కడ గడ్డలు కట్టి ఉన్నాయి. చెడ్డదేనని తేలింది. ఆ రోగులందరికీ మళ్ళీ ఆపరేషన్లు చెయ్యవలసిన బాధ్యత ఆయన మీదే పడింది.

తర్వాత దొరికింది గట్టి రకం పాలిథీన్. మిల్లుల్లో మగ్గాలకు పళ్ళచక్రాలు చేసే సరుకు. ఒక అమ్మకందారు నమూనా పట్టుకొస్తే చార్న్‌లీ పెదవి విరిచాడు. ఆయన ఊళ్ళో లేనప్పుడు వర్క్‌షాపులో పనిచేసే హ్యారీ క్రేవెన్ దాన్ని మిషనుకెక్కించి తిప్పి చూశాడు. రోజుల తరబడి తిప్పినా అరిగింది అంతంతమాత్రమే. 1962 నవంబరులో మొదటి పాలిథీన్ గిన్నె మనిషి తుంటిలోకి వెళ్ళింది. నేటికీ ఆ వంశమే నడుస్తోంది.

అరుగుదల సంగతి తేలింది. మిగిలింది చీము. 1960 ప్రాంతంలో ఆయన చేతి మీద నూటికి ఏడు, ఎనిమిది తుంట్లకు లోపల ఇన్‌ఫెక్షను వచ్చేది. అలా వచ్చినవాళ్ళకు గతి ఏమిటి? ఆక్స్‌ఫర్డ్‌లో గర్డిల్‌స్టోన్ అనే ఆచార్యుడు, క్షయా చీమూ పట్టిన తుంటి కోసం వాడిన పాత పద్ధతే: కీలంతా తీసేసి ఖాళీగా వదిలెయ్యడం. నొప్పి తగ్గుతుంది. కాలు పొట్టిదైపోతుంది, జన్మంతా కర్ర తప్పదు. నడవలేక ఆపరేషనుకు వచ్చిన మనిషిని ముందుకన్న కుంటిగా పంపించడం ఏ డాక్టరుకు ఇష్టం?

మరొకరైతే "నూటికి తొంభై రెండు మంది నడుస్తున్నారు కదా" అని గొప్పలు చెప్పుకునేవారు. చార్న్‌లీ ఆ ఎనిమిది మందినీ లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాడు. ఆపరేషన్ గదిలో మూతలు తీసిన గాజు పళ్ళేలు పెట్టించాడు. గాలిలోంచి వాటిలో పడ్డ క్రిములు మొలిచి చుక్కలు చుక్కలుగా కనిపించాయి. ఆ గాలిలోకి అవెక్కడివి? మనుషులవే! నడిచే మనిషి ఒంటినుంచి నిమిషానికి వేలకొద్దీ చర్మపు పొట్టు రాలుతుందట. లిస్టర్ వదిలేసిన గాలి, డెబ్భై ఏళ్ళ తర్వాత మళ్ళీ కథలోకి వచ్చింది.

హోవర్త్ అనే ఆయన కుటుంబం నూలు మిల్లుల్లో దుమ్ము తీసి గాలి ఆడించే యంత్రాలు చేసేది. ఆయన సాయంతో చార్న్‌లీ ఆపరేషన్ గదిలోనే ఇంకో చిన్న గది కట్టాడు. చూడటానికి మొక్కలు పెంచే అద్దాల ఇల్లులా ఉండేది గనుక దానికి "గ్రీన్‌హౌస్" అనే పేరు పడింది. పైనుంచి వడకట్టిన గాలి కిందికి దిగుతుంది. మెరుగుపరిచాక అందులో గాలి గంటకు మూడు వందల సార్లు మారేది. రోగి శరీరం లోపల, తల బయట. మత్తు డాక్టరూ బయటే. చూశారా, కృత్రిమ కీలులో గిన్నె ఇచ్చిందీ మిల్లే, గాలి వడకట్టడం నేర్పిందీ మిల్లే!

అంతటితో ఊరుకున్నాడా? ఇన్‌ఫెక్షను తగ్గింది గాని పూర్తిగా పోలేదు. అప్పుడు తన ఒంటి మీది బట్టను అనుమానించాడు. మామూలు గౌను నేత సందుల్లోంచి తన చర్మపు పొట్టే బయటికి పోతోందని తేల్చుకున్నాడు. చిక్కటి నేత బట్టతో తలనుంచి పాదాల దాకా కప్పే గౌను కుట్టించి, లోపలి గాలినీ తన ఊపిరినీ గొట్టంతో బయటికి లాగించేశాడు. చంద్రమండలానికి ప్రయాణమైనవాడిలా తయారయ్యేవాడట. 1972లో ఆయన లెక్క అచ్చయింది. పదేళ్ళలో 5,800 ఆపరేషన్లు. నూటికి ఏడెనిమిది ఉన్న ఇన్‌ఫెక్షను నూటికి ఒకటికన్న తక్కువకు దిగింది. అదీ ముందుజాగ్రత్తగా యాంటీబయాటిక్ ఇవ్వకుండానే.

ఇక్కడ చదవడం ఆపి మా పెరట్లో దండెం వైపు చూశాను. మా అత్తగారిదీ మడే, ఆయనదీ మడే. కడిగిన బట్ట, ముట్టుకోకూడని హద్దు, "దూరం దూరం" అనే పట్టింపు, అన్నీ ఉన్నాయి. ఒక్కటే తేడా. మన మడిలో మైల ఎప్పుడూ ఎదుటివాళ్ళలో ఉంటుంది. మనం శుద్ధులం, వాళ్ళు తాకకూడదు. ఆయన మడిలో మైల తనలో ఉంది. తన చర్మంలో, తన ఊపిరిలో, ఎంత కడిగినా పోనంతగా ఉంది. అందుకే రోగిని కాదు, తనను తానే సంచిలో కట్టుకున్నాడు.

ఇదంతా తోటి డాక్టర్లు వెంటనే ఒప్పుకున్నారనుకునేరు! ఏళ్ళ తరబడి ఎన్నో మార్పులు చేశాడు, ఏది పనిచేసిందో ఎలా తెలుస్తుందన్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. దాంతో బ్రిటన్‌లోనూ స్వీడన్‌లోనూ పందొమ్మిది ఆస్పత్రుల్లో ఎనిమిది వేల పైచిలుకు తుంటి, మోకాలి ఆపరేషన్ల మీద పరీక్ష పెట్టారు. 1982లో ఫలితం వచ్చింది. మామూలు గదుల్లో 4,133 ఆపరేషన్లకు 63 ఇన్‌ఫెక్షన్లు. శుద్ధమైన గాలి గదుల్లో 3,922కు 23. ఆ ఆగస్టులోనే చార్న్‌లీ కన్నుమూశాడు.

ఇది రాకుండా చూసుకోవడం. వచ్చాక ఏమిటి? దానికి దారి హాంబర్గ్‌లో దొరికింది. కీలును ఎముకకు అంటించే సిమెంటు గట్టిపడేటప్పుడు సెగలు కక్కుతుంది. ఆ వేడికి చెడిపోని జెంటామైసిన్ అనే మందును బుక్‌హోల్జ్ అనే డాక్టరు ఆ సిమెంటులోనే కలిపి 1970లో లోకానికి చెప్పాడు. సిమెంటులోంచి మందు కొంచెం కొంచెంగా ఊరుతుంది. నెత్తురు చేరలేని చోటికి మందు చేరిందన్నమాట. ఆ ధైర్యంతో ఆయన చీము పట్టిన కీలు తీసి, శుభ్రం చేసి, ఆ పూటే కొత్తది పెట్టేసేవాడు. 1981లో 583 మంది లెక్క చెప్పాడు. నూటికి డెబ్భై ఏడు మందికి నయమైంది. గర్డిల్‌స్టోన్ కర్రతో మిగిలిపోవలసినవాళ్ళు మళ్ళీ నడిచారు.

అయితే అసలు కీలు ఎందుకు తియ్యాలి, మందులు మింగితే పోదా అని మా ఆయన అడిగారు. నాకూ అదే సందేహం. జవాబు మనింట్లోనే ఉంది. కోనేటి మెట్ల మీద పాచి చూశారు కదా? పొద్దున్నే పళ్ళ మీద పేరుకునేదీ అదే. పుక్కిలిస్తే పోతుందా? గీకాలి. విలియం కాస్టర్టన్ అనే శాస్త్రజ్ఞుడు కొండవాగుల్లోని రాళ్ళను పరిశీలించి, సహచరులతో కలిసి 1978లో ఈ రహస్యం జనానికి చెప్పాడు. క్రిములు ఒంటరిగా ఈదడం కన్నా ఏదో ఒకదానికి అంటుకుని, జిగురు కప్పుకుని, కలిసి కాపరం చెయ్యడానికే ఇష్టపడతాయి. లోహపు కీలు మీదా అంతే. మొదటి కొద్ది వారాల్లో, పాచి లేతగా ఉన్నప్పుడే తెరిచి బాగా కడిగి మందులిస్తే, కీలు దక్కించుకునే అవకాశం ఉంటుంది. ముదిరితే మందు లోపలికి దిగదు. కీలు తియ్యవలసిందే.

ఈ మాట చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. "చెమటే లెండి" అన్నది నేనే కదా! ఆ రెండు నెలల్లో పాచి ముదరడానికి సావకాశమిచ్చింది క్రిమి కాదు, పనిమనిషి అంతకన్నా కాదు. మా ఇంటి భయమూ, నా తెలివీను.

మా అత్తగారికి రెండు విడతల పద్ధతి అనుసరించారు. మొదట కీలు తీసి, అక్కడక్కడినుంచి అయిదారు ముక్కలు పరీక్షకు పంపారు. ఒక్క ముక్కలో క్రిమి కనబడితే చర్మం మీదినుంచి పొరపాటున అంటుకుందేమో, అన్నిటా అదే కనబడితే దొంగ దొరికినట్టే. ఖాళీ చోట మందు కలిపిన సిమెంటు దిమ్మ పెట్టారు. వారాల తరబడి మందులు. మూడు నెలలకు కొత్త కీలు. ఆ మందుల్లో ఒకటి రిఫాంపిసిన్. క్షయరోగం మందు! కొన్ని క్రిముల పాచిలోకి కూడా అది చొరబడుతుందని 1998లో స్విట్జర్లండ్ డాక్టర్లు రుజువు చేశారు. క్షయ ఆస్పత్రిలో మొదలైన కథకు క్షయ మందే అక్కరకు వచ్చింది.

ఇప్పుడు మళ్ళీ లెక్కలు మారుతున్నాయి. ఒకే విడత మార్పిడి రెండు విడతలకు తీసిపోదని, రోగి కాస్త ముందుగా కోలుకుంటాడని 2022లో బ్రిటన్‌లో ఒక పరీక్ష చెప్పింది. సూదుల బదులు మాత్రలు కూడా సరిపోవచ్చునని 2019లో మరొకటి చెప్పింది. అంతెందుకు, 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, పైనుంచి గాలి దించే ఆ ఖరీదైన గదులవల్ల రుజువైన లాభం లేదు, వాడవద్దని సలహా ఇచ్చింది. ఇవాళ ముందుగానే యాంటీబయాటిక్ ఇస్తున్నారు, మిగతా శుభ్రతా పెరిగింది. గాలి వంతు ఎంతో తేల్చడం కష్టమైంది. లిస్టర్ వదిలాడు, చార్న్‌లీ ఎత్తుకున్నాడు, ఇప్పుడు మళ్ళీ వాదన. చార్న్‌లీ బతికి ఉంటే కోప్పడేవాడేమో గాని, తర్వాత మాత్రం గాజు పళ్ళేలు బయటికి తీసేవాడు.

ఇంతా చేసి నేటికీ నూటికి ఒకరికో ఇద్దరికో ఈ కష్టం వస్తూనే ఉంది. ఆ ఒక్కరు మనింటి మనిషైతే నూటికి నూరే.

కీలు లేని ఆ మూడు నెలలూ ఆవిడను లేపేదెవరు? నా నడుమొక్కటే చాలలేదు. ఒక సాయంత్రం పనిమనిషి ఇంటికి వెళ్ళాను. ఏం మాట్లాడాలో తెలియక, డాక్టరుగారన్న మాటే చెప్పాను. ఆమె విని, "ఆ రోజే చెప్పొచ్చుగా అమ్మా" అంది. అంతే. మర్నాడు వచ్చింది.

చార్న్‌లీ కథంతా అత్తగారికి చదివి వినిపించాను. సగం విన్నారు, సగం నిద్రపోయారు. ఒక రోజు పనిమనిషి ఆవిడను మంచం మీదినుంచి లేపుతుంటే ఆమె చెయ్యి పట్టుకుని, "నీ వల్ల కాదటే. అది నా ఒంటి మీదిదేనట" అన్నారు. క్షమించమని అడగడం మా అత్తగారికి తెలియదు. ఆవిడకు చేతనైనంతలో అది అదే.

ఇప్పుడు ఆవిడ చేతికర్రతో ఇల్లంతా తిరుగుతున్నారు. మడి మానలేదు. కాని ఒక చేత్తో ఊతకర్ర పట్టుకుని, మరో చేత్తో దండెం మీది చీర అందుకోవడం ఆవిడ వల్ల కావడం లేదు. అయినా రోజూ వేళకి చీర ఆవిడ చేతికి వస్తోంది. ఎవరు తీసిస్తున్నారో నేను చూసీ చూడనట్టు ఊరుకుంటున్నాను.